గోధుమ మానేసే ముందే పరీక్ష: సీలియాక్ వ్యాధి నిర్ధారణకు విశాఖవాసులకు సమగ్ర మార్గదర్శి

కడుపుబ్బరంతోనో, తగ్గని రక్తహీనతతోనో బాధపడుతూ "గోధుమ మానేసి చూడమంటారా, లేక ముందు పరీక్ష చేయించుకోమంటారా?" అని అడిగేవారు ఈమధ్య ఎక్కువయ్యారు. ముందు పరీక్షే చేయించుకోవాలి. గోధుమ, బార్లీ, రై (గోధుమలాంటి ఒక ధాన్యం, ఆవాలు కాదు) గింజల్లో ఉండే మాంసకృత్తును గ్లూటెన్ అంటారు. అది తిన్నప్పుడు శరీరం తన చిన్నపేగునే దెబ్బతీసుకునే జబ్బు సీలియాక్. దీని పరీక్షలు గ్లూటెన్‌ను నేరుగా కొలవవు. గ్లూటెన్ తిన్నప్పుడు శరీరం తనమీద తానే చేసుకునే దాడి గుర్తులను, అంటే రక్తంలోని యాంటీబాడీలను, చిన్నపేగు లోపలి గోడమీద ఆహారాన్ని పీల్చుకునే ఆంత్రచూషకాలు అరిగిన తీరును అవి వెతుకుతాయి. గోధుమ మానేస్తే వారాల్లో, నెలల్లో ఆ గుర్తులు చెరిగిపోతాయి. అప్పుడు పరీక్ష చేయిస్తే వ్యాధి ఉన్నా రిపోర్టు నెగెటివ్ అని రావచ్చు. కాబట్టి పరీక్షకు ముందు వారాలలో మీరు తిన్న తిండి కూడా ఆ పరీక్షలో భాగమేనని అనుకుని మొదలుపెట్టండి.

1. మొత్తం వరుస

పని ఈ క్రమంలో సాగాలి. మధ్యలో ఒక మెట్టు దాటవేస్తే వెనక్కి వచ్చి మళ్ళీ ఎక్కవలసి వస్తుంది.

- రోజూ తినే గోధుమను అలాగే కొనసాగిస్తూ, తిన్నదాని లెక్క రాసుకోవడం
- డాక్టరును కలిసి లక్షణాలు, కుటుంబ చరిత్ర, వాడే మందులు చెప్పడం
- టీటీజీ-ఐజీఏ, మొత్తం ఐజీఏ అనే రెండు రక్త పరీక్షలను (వివరం 5వ భాగంలో) కలిపి చేయించుకోవడం
- పాజిటివ్ వచ్చినా, అనుమానం బలంగా ఉన్నా ఎండోస్కోపీ (నోటి గుండా గొట్టం పంపి పేగును చూడటం), బయాప్సీ (చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూడటం) చేయించుకోవడం
- నిర్ధారణ అయ్యాక మాత్రమే గోధుమ, బార్లీ, రై పూర్తిగా మానడం

2. ఈ పరీక్ష ఎవరికి అవసరం

నీళ్ళ విరేచనాలు, బరువు తగ్గడం ఉంటేనే సీలియాక్ అనుకోవడం పాత పద్ధతి. పెద్దవారిలో చాలామందికి అసలు విరేచనాలే ఉండవు. ఐరన్ మాత్రలకు లొంగని రక్తహీనత, తరచూ వచ్చే నోటిపూత, ఎముకలు పలుచబడటం, కారణం తెలియని కాలేయ ఎంజైముల పెరుగుదల, సంతానలేమి వంటివి మాత్రమే కనిపించవచ్చు. పిల్లల్లో ఎత్తు పెరగకపోవడం ముఖ్యమైన సూచన.

మోచేతులు, మోకాళ్ళు, పిరుదులపై విపరీతంగా దురద పెట్టే చిన్న నీటి పొక్కులు పదేపదే వస్తుంటే చర్మవైద్యులకు చూపించండి. సీలియాక్‌తో ముడిపడిన చర్మవ్యాధి ఒకటి ఇలాగే ఉంటుంది. దానికి బయాప్సీని పొక్కు మీద కాకుండా పక్కనున్న మామూలు చర్మం నుంచి తీస్తారు.

టైప్ 1 మధుమేహం, థైరాయిడ్‌కు సంబంధించిన స్వయం ప్రతిరక్షక వ్యాధి (శరీరం తనమీద తానే దాడి చేసుకునే జబ్బు), డౌన్ సిండ్రోమ్ ఉన్నవారు, ఇప్పటికే సీలియాక్ నిర్ధారణ అయినవారి తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు లక్షణాలు లేకపోయినా పరీక్ష గురించి డాక్టరును అడగడం మంచిది.

మన దేశంలో ఈ వ్యాధి గోధుమ ప్రధానంగా తినే ఉత్తరాదిలో ఎక్కువగా, దక్షిణాదిలో చాలా తక్కువగా కనిపిస్తుంది. అందువల్ల ఇక్కడ ఈ ఆలోచన ఆలస్యంగా రావడం సహజమే. అయితే విశాఖలో నౌకాదళం, ఉక్కు కర్మాగారం కారణంగా ఉత్తరాది కుటుంబాలు చాలా ఉన్నాయి. మన ఇళ్ళలోనూ షుగరు వచ్చిన దగ్గర నుంచి రాత్రి అన్నం మాని చపాతీ పట్టినవారు వీధికి పదిమంది ఉంటారు. బాధ ఆ మార్పు తరువాతే మొదలైతే ఆ సంగతిని డాక్టరుకు తప్పక చెప్పండి.

3. పళ్ళెంలో గోధుమ ఎంత ఉందో ముందు తేల్చుకోండి

పరీక్ష దారి తప్పేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి ఈ భాగాన్ని నిదానంగా చదవండి.

ఉత్తరాది మనిషి గోధుమ మానేస్తే ఆ సంగతి అతనికి తెలుస్తుంది. మనం అన్నం తినేవాళ్ళం. మానేశామని తెలియకుండానే మానేస్తాం. ఉదయం ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి పెరుగన్నం తినే ఇంట్లో వారం గడిచినా గోధుమ తగలకపోవచ్చు. పైగా ఇప్పుడు సిరిధాన్యాల గాలి వీస్తోంది. కొర్రలు, సామలు, అరికెలు, జొన్నరొట్టె, చోడి (రాగి) అంబలి మొదలుపెట్టినవారు "నేనేమీ మానలేదండీ, కాస్త ఆరోగ్యంగా తింటున్నాను" అంటారు. ఆ ధాన్యాలు వేటిలోనూ గ్లూటెన్ లేదు. వారు నెలల తరబడి గ్లూటెన్ లేని ఆహారంలో ఉన్నట్టే లెక్క.

మా అక్కయ్య విషయంలో ఇదే జరిగింది. రెండేళ్ళు ఐరన్ మాత్రలు మింగినా హిమోగ్లోబిన్ 9 దాటలేదు. ఎవరో చెబితే కొర్రన్నం, జొన్నరొట్టె మొదలుపెట్టి, నాలుగు నెలల తరువాత సీలియాక్ పరీక్ష చేయించుకుంది. నెగెటివ్ వచ్చింది. మొదట చూసిన డాక్టరు ఆ కాగితం చూసి సీలియాక్ లేదని చెప్పేశారు. తరువాత కలిసిన గ్యాస్ట్రో డాక్టరు రిపోర్టు తెరవకముందే "ఇంట్లో చపాతీ కాల్చి ఎన్నాళ్ళయిందమ్మా?" అని అడిగారు. అక్కయ్య నా ముఖం చూసింది. నాకు నోట మాట రాలేదు.

ఏ వంటకంలో ఏముందో మన వంటింటి లెక్కలో చూద్దాం.

గోధుమ ఉన్నవి:
- చపాతీ, పుల్కా, పూరీ, పరోటా, బ్రెడ్డు, బన్ను, బిస్కెట్లు, కేకులు
- బొంబాయి రవ్వ ఉప్మా, గోధుమ రవ్వ ఉప్మా, రవ్వ దోసె, రవ్వ కేసరి, సేమ్యా
- మైదాతో చేసే మైసూరు బోండా, బొబ్బట్లు, కజ్జికాయలు, మడత కాజా
- గోధుమ పాలతో వండే మాడుగుల హల్వా
- బార్లీ గింజల జావ, బార్లీ మాల్టు కలిసిన పాలపొడులు, బీరు (వీటిలో ఉండేది బార్లీ అయినా పని ఒకటే)

గోధుమ లేనివి:
- అన్నం, అటుకులు, మరమరాలు, పూతరేకులు, అరిసెలు
- ఇడ్లీ, మినప దోసె, పెసరట్టు
- చోళ్ళు, జొన్నలు, సజ్జలు, కొర్రలు, మొక్కజొన్న
- శనగపిండితో వేసిన మిరపకాయ బజ్జీ

తికమక పెట్టేవి కొన్ని ఉన్నాయి. మన దగ్గర ఇడ్లీ రవ్వ అంటే బియ్యపు రవ్వ, ఉప్మా రవ్వ అంటే గోధుమ రవ్వ. పేరులో రవ్వ ఉందని రెండింటినీ ఒకే గాటన కట్టకండి. పెసరట్టులో గోధుమ ఉండదు గాని, ఎమ్మెల్యే పెసరట్టు లోపల పెట్టే ఉప్మాలో ఉంటుంది. బజారులో దొరికే కూటు ఇంగువలో చాలావరకు గోధుమ పిండి కలుపుతారు. సాంబారులో పడే ఆ చిటికెడు ఇంగువ పరీక్షకు ఏమాత్రం చాలదు. వ్యాధి నిర్ధారణ అయ్యాక మాత్రం ఆ చిటికెడును కూడా పట్టించుకోవలసి ఉంటుంది.

ఎంత తింటే చాలు? రోజూ ఒకటికి మించి పూటల్లో గోధుమ ఉండాలి, అలా కనీసం 6 వారాలు సాగి ఉండాలి అన్నది వైద్యులు ఎక్కువగా చెప్పే కొలత. అంచనాగా చూస్తే 30 గ్రాముల గోధుమ పిండితో చేసిన ఒక చపాతీలో 2 నుంచి 3 గ్రాములు, 50 గ్రాముల బొంబాయి రవ్వతో చేసిన ఒక ప్లేటు ఉప్మాలో 4 గ్రాములు, రెండు బ్రెడ్డు ముక్కల్లో 4 గ్రాముల వరకు గ్లూటెన్ ఉంటుంది. ఉదయం ఉప్మా, రాత్రి రెండు చపాతీలు తినేవారికి ప్రత్యేకంగా ఏమీ చేయవలసిన పని లేదు. కార్తీక మాసపు ఒంటిపూటలు, దీక్షలు, శనివారం ఉపవాసాలు ఉన్నవారి ఇళ్ళలో టిఫిన్ పేరుతో గోధుమ ఒక్కోసారి పెరుగుతుంది, ఒక్కోసారి పూర్తిగా పోతుంది. అందుకే నెలలో ఒక వారం చూసి లెక్క కట్టకండి.

4. డాక్టరు దగ్గరకు వెళ్ళే ముందు సిద్ధం చేసుకోవలసినవి

ఒక తెల్లకాగితం మీద వీటిని రాసుకుని వెళ్ళండి. ఓపీలో మీ వంతు వచ్చేసరికి సగం మరచిపోవడం అందరికీ అలవాటే.

- గత 6 వారాల్లో గోధుమ ఏ పూట, ఎంత తిన్నారు; ఎప్పుడైనా మానేశారా, మానేస్తే ఏ తేదీ నుంచి
- లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయి, బరువు ఎంత తగ్గింది
- పాత హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వను చూపేది), థైరాయిడ్, కాలేయ పరీక్షల రిపోర్టులు, తేదీల వారీగా
- రక్తసంబంధీకుల్లో సీలియాక్, టైప్ 1 మధుమేహం, థైరాయిడ్ జబ్బులు
- వాడుతున్న మందులన్నీ, ముఖ్యంగా స్టెరాయిడ్లు, రోగనిరోధకతను తగ్గించే మందులు, నొప్పి మాత్రలు, బీపీ మాత్రలు

బీపీ మాత్రల సంగతి ఎందుకంటే, ఓల్మెసార్టన్ అనే మందు వాడే కొద్దిమందిలో పేగు అచ్చం సీలియాక్‌లాగే దెబ్బతింటుంది. మాత్రను మీరే ఆపకండి, పేరు చెబితే చాలు. స్టెరాయిడ్ల వంటివి యాంటీబాడీలను తగ్గించి రిపోర్టును తారుమారు చేయగలవు.

విశాఖలో మొదటి మెట్టుకు ఇంటి దగ్గరి ఫిజీషియన్ చాలు. ఎండోస్కోపీ అవసరమయ్యే దశలో గ్యాస్ట్రో ఎంటరాలజిస్టు కావాలి. ప్రభుత్వ రంగంలో మహారాణిపేటలోని కేజీహెచ్, హనుమంతవాక దగ్గరి విమ్స్ ఉన్నాయి. ద్వారకానగర్, రామ్‌నగర్ పరిసరాల్లో ప్రైవేటు ఆసుపత్రులు, ల్యాబులు పక్కపక్కనే ఉంటాయి. పాడేరు, అరకు నుంచో, శ్రీకాకుళం వైపు నుంచో వచ్చేవారు రక్త పరీక్షను తమ ఊరిలో, లేదా దగ్గరి పట్టణంలో ముందే చేయించుకుని, రిపోర్టు పట్టుకుని నగరానికి వస్తే ఒక ప్రయాణం కలిసి వస్తుంది.

5. రక్త పరీక్ష: ఏమి అడగాలి

అడగవలసింది రెండు పరీక్షలు కలిపి. ఒకటి టీటీజీ-ఐజీఏ, అంటే టిష్యూ ట్రాన్స్‌గ్లుటామినేజ్ మీద శరీరం తయారు చేసే ఐజీఏ తరగతి యాంటీబాడీ. రెండోది మొత్తం ఐజీఏ, అంటే రక్తంలో ఐజీఏ అసలు ఎంత ఉందో చూసేది.

రెండోదాన్ని అనవసరపు ఖర్చు అనుకుని వదిలేసేవారు ఉన్నారు. సీలియాక్ ఉన్నవారిలో 2 నుంచి 3 శాతం మందికి ఐజీఏ తయారవడమే ఉండదు. అలాంటివారికి టీటీజీ-ఐజీఏ ఎప్పుడూ నెగెటివ్‌గానే వస్తుంది. మొత్తం ఐజీఏ తక్కువగా ఉందని తెలిస్తే డాక్టరు ఐజీఏకు బదులు ఐజీజీ తరగతి యాంటీబాడీలను కొలిచే టీటీజీ-ఐజీజీనో, డీజీపీ-ఐజీజీనో రాస్తారు.

ల్యాబుకు ఫోను చేసి ముందే అడగవలసినవి:
- రెండు పరీక్షలనూ ఒకే నమూనాతో చేస్తారా, కలిపి ధర ఎంత
- పరీక్ష ఇక్కడే చేస్తారా, మరో నగరంలోని కేంద్ర ల్యాబుకు పంపుతారా, రిపోర్టు ఎన్ని రోజులకు వస్తుంది
- రిపోర్టులో అంకెతో పాటు ఆ కిట్ సాధారణ పరిమితిని ముద్రిస్తారా

ఈ రక్త పరీక్షకు పరగడుపున ఉండనవసరం లేదు. అదే నమూనాతో ఫాస్టింగ్ షుగరు వంటివి కూడా చేయిస్తుంటే మాత్రం ఉండాలి.

హెచ్ఎల్ఏ-డీక్యూ2, డీక్యూ8 అనే జన్యు పరీక్ష మరో రకం. దీనికి తిండితో పని లేదు, గోధుమ మానేసినవారు కూడా చేయించుకోవచ్చు. అయితే ఇది వ్యాధి లేదని చెప్పడానికే బాగా పనికొస్తుంది. ఆ జన్యువులు రెండూ లేకపోతే సీలియాక్ దాదాపుగా ఉండదు. ఉన్నంత మాత్రాన వ్యాధి ఉందని కాదు. సాధారణ జనాభాలో మూడో వంతు మంది దాకా ఆ జన్యువులను మోస్తూ రోజూ గోధుమ తింటూనే ఉంటారు.

వందలకొద్దీ ఆహార పదార్థాల "ఇన్‌టాలరెన్స్ ప్యానెల్" పేరుతో ఐజీజీ కొలిచే ఖరీదైన పరీక్షలు ప్రకటనల్లో కనిపిస్తాయి. సీలియాక్ నిర్ధారణకు అవి పనికిరావు. ఆ డబ్బుతో బయాప్సీ చేయించుకోవచ్చు.

6. రిపోర్టును ఎలా చదవాలి

టీటీజీ-ఐజీఏ అంకెను వేరొకరి అంకెతో పోల్చకండి. ఒక్కో కిట్‌కు ఒక్కో కొలమానం ఉంటుంది. ఒక ల్యాబులో 18 పాజిటివ్ కావచ్చు, మరో ల్యాబులో అదే 18 పరిమితి లోపల ఉండవచ్చు. మీ అంకె అదే కాగితం మీద ఉన్న పై పరిమితికి ఎన్ని రెట్లు ఉందన్నదే చూడవలసినది. తరువాత చేయించే పరీక్షలను కూడా వీలైనంత వరకు అదే ల్యాబులో చేయించండి.

- ఎక్కువ రెట్లు పాజిటివ్: సీలియాక్‌కు అవకాశం చాలా ఎక్కువ, పెద్దవారిలో బయాప్సీతో స్థిరపరుస్తారు.
- పరిమితికి కాస్త పైన: ఇతర స్వయం ప్రతిరక్షక వ్యాధులు, కాలేయ వ్యాధుల్లో కూడా ఇలా రావచ్చు, డాక్టరు ఈఎంఏ అనే మరో యాంటీబాడీ రక్త పరీక్షను, లేదా బయాప్సీని సూచిస్తారు.
- నెగెటివ్, మొత్తం ఐజీఏ మామూలుగా ఉంది, గోధుమ సరిపడా తిన్నారు: సీలియాక్ అవకాశం తక్కువ, అయినా లక్షణాలు బలంగా ఉంటే బయాప్సీ గురించి అడగవచ్చు.
- నెగెటివ్, కాని గోధుమ తినలేదు: ఈ రిపోర్టుతో వ్యాధి లేదని తేల్చలేరు. 8వ భాగం చూడండి.

7. ఎండోస్కోపీ, బయాప్సీ

పాజిటివ్ రిపోర్టు చేతికి రాగానే ఇంటిల్లిపాదీ కలిసి పిండి డబ్బా అటక మీద పెట్టేస్తారు. అదే పెద్ద పొరపాటు. ఎండోస్కోపీ అయ్యే రోజు దాకా గోధుమ కొనసాగాలి. కాబట్టి రిపోర్టు వచ్చిన రోజే ఎండోస్కోపీ తేదీని వీలైనంత దగ్గరగా అడగండి.

ఎండోస్కోపీ చేసే డాక్టరుకు సీలియాక్ అనుమానంతో వచ్చారని ముందే తెలియాలి. "గ్యాస్ సమస్య" అని మాత్రమే చీటీ మీద ఉంటే పొట్ట నుంచి ఒక ముక్క తీసి ఊరుకునే అవకాశం ఉంది. చిన్నపేగు కంటికి మామూలుగా కనిపించినా సూక్ష్మదర్శిని కింద దెబ్బతిని ఉండవచ్చు. అందుకే ఆంత్రమూలం (చిన్నపేగు మొదలు) రెండో భాగం నుంచి కనీసం 4 ముక్కలు, దాని మొదట్లోని బల్బు భాగం నుంచి 1 లేదా 2 ముక్కలు తీయడం సరైన పద్ధతి. పేగు దెబ్బ అతుకులు అతుకులుగా ఉంటుంది కాబట్టి ఒక్క ముక్కతో సరిపెడితే మంచి భాగమే చేతికి రావచ్చు.

ఇలా అడగడానికి మొహమాటపడకండి. "డాక్టరుగారూ, టీటీజీ పాజిటివ్ వచ్చింది, చిన్నపేగు నుంచి సీలియాక్‌కు సరిపడా ముక్కలు తీస్తారు కదండీ?" అని ఒక్క మాట అంటే చాలు.

ముందురోజు, ఆ రోజు చూసుకోవలసినవి:
- 6 నుంచి 8 గంటలు ఏమీ తినకూడదు. నీళ్ళు ఎప్పటి వరకు తాగవచ్చో ఆసుపత్రి చెప్పినట్టు పాటించండి
- రక్తం పలుచబరిచే మందులు, షుగరు మందులు వాడేవారు ఏ మాత్ర వేసుకోవాలో, ఏది ఆపాలో ముందే అడగండి
- మత్తు ఇస్తే ఆ రోజు బండి నడపకూడదు. ఇంటివారిని ఒకరిని వెంట తీసుకువెళ్ళండి
- టీటీజీ రిపోర్టు నకలును బయాప్సీ ఫారంతో జత చేయించండి

బయాప్సీ రిపోర్టులో మార్ష్ అనే శ్రేణి ఉంటుంది. 0 అంటే మామూలు, 1 అంటే లింఫోసైట్లు అనే రక్షణ కణాలు మాత్రం పెరిగాయి, 2 అంటే దానితోపాటు క్రిప్టులు (ఆంత్రచూషకాల మధ్యనుండే గుంటలు) లోతుగా పెరిగాయి, 3ఏ నుంచి 3సీ వరకు అంటే ఆంత్రచూషకాలు కొద్దిగా మొదలుకొని పూర్తిగా అరిగిపోయాయని అర్థం. మార్ష్ 3 కనిపించినంత మాత్రాన అది సీలియాకే కానక్కరలేదు. దక్షిణ భారతంలో ట్రాపికల్ స్ప్రూ అనే మరో పేగు వ్యాధి, జియార్డియా అనే పరాన్నజీవి, ముందు చెప్పిన ఓల్మెసార్టన్ కూడా ఇలాంటి మార్పులు తేగలవు. మార్ష్ 1కి అయితే ఇంకా చాలా కారణాలున్నాయి. రక్త పరీక్ష, బయాప్సీ, లక్షణాలు మూడూ కలిపి చూసే డాక్టరే నిర్ణయం చెప్పాలి. బయాప్సీ ముక్కలున్న స్లైడ్లు, మైనపు బ్లాకులు ముఖ్యమైన ఆధారాలు. రెండో అభిప్రాయానికి అవి కావలసి వస్తాయి కాబట్టి ఎలా తీసుకోవాలో ఆసుపత్రిలో అడిగి ఉంచండి.

8. ఇప్పటికే మానేసినవారు ఏమి చేయాలి

మానేసి నెల లోపే అయితే ఆలస్యం చేయకుండా ఇప్పుడే రక్త పరీక్ష చేయించండి. యాంటీబాడీలు ఒక్కరోజులో మాయమవవు కాబట్టి ఇంకా పాజిటివ్‌గానే దొరకవచ్చు.

నెలలు గడిచిపోతే ముందు హెచ్ఎల్ఏ పరీక్ష గురించి అడగండి. ఆ జన్యువులు లేకపోతే కథ అక్కడితో ముగుస్తుంది, గోధుమ మళ్ళీ తినవలసిన కష్టం తప్పుతుంది. జన్యువులు ఉంటే డాక్టరు పర్యవేక్షణలో మళ్ళీ గోధుమ తినడం మొదలుపెట్టాలి. దీనినే గ్లూటెన్ ఛాలెంజ్ అంటారు.

సాధారణంగా రోజుకు 3 నుంచి 10 గ్రాముల గ్లూటెన్‌తో, అంటే ఒకటి నుంచి మూడు, నాలుగు చపాతీలతో, 2 వారాల నుంచి 8 వారాల దాకా సాగిస్తారు. తట్టుకోగలిగినవారు ఎంత ఎక్కువ కాలం సాగిస్తే రిపోర్టు అంత నమ్మదగినదిగా ఉంటుంది. 2 వారాలకే నిలవలేని స్థితి వస్తే అప్పుడే డాక్టరును కలిసి పరీక్షలు ముందుకు జరపమనండి.

మా అక్కయ్య ఇదే దారిన వెళ్ళింది. వంటింటి గోడకు వేలాడే క్యాలెండరులో పాల పేకెట్ల లెక్క పక్కన పెన్సిలుతో "చ 2", "ఉ 1" అని రాసుకునేది. మూడో వారం నుంచి ఆ గడుల్లో "క.నొ." అనే మూడో గుర్తు చేరింది. అంటే కడుపు నొప్పి. ఆ కాగితాన్ని చింపి డాక్టరుకు చూపిస్తే ఆయన వివరాలన్నీ అందులోంచే తీసుకున్నారు. ఆరో వారం చివర చేసిన టీటీజీ పాజిటివ్ వచ్చింది, బయాప్సీ కూడా దానికి సరిపోయింది. కొర్రన్నం మొదలుపెట్టక ముందే పరీక్ష చేయించి ఉంటే ఈ ఆరు వారాల బాధ ఉండేది కాదని ఆమె ఇప్పటికీ అంటుంది.

ఈ ప్రయత్నం వీరు సొంతంగా చేయకూడదు:
- గోధుమ తింటే దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరాడకపోవడం వచ్చినవారు. ఇది గోధుమ అలర్జీ, ప్రాణం మీదికి రావచ్చు, దీనికి వేరే పరీక్షలు ఉన్నాయి
- గర్భిణులు
- టైప్ 1 మధుమేహం ఉన్నవారు
- 5 ఏళ్ళ లోపు పిల్లలు, యుక్తవయసులో వేగంగా ఎదుగుతున్న పిల్లలు

9. పిల్లల విషయంలో తేడా

పిల్లలకు టీటీజీ-ఐజీఏ పరిమితికి 10 రెట్లు లేదా అంతకు మించి ఉండి, వేరుగా తీసిన రెండో నమూనాలో ఈఎంఏ కూడా పాజిటివ్ అయితే, యూరప్ పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘం 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బయాప్సీ లేకుండానే నిర్ధారించవచ్చు. ఈ నిర్ణయం పిల్లల గ్యాస్ట్రో నిపుణులు తీసుకోవాలి. ఇంట్లో అంకె చూసుకుని తల్లిదండ్రులు తీసుకోకూడదు.

పాలు మరిచి అప్పుడప్పుడే అన్నం మొదలుపెట్టిన పసివాడికి గోధుమ ఇంకా అలవాటు కాలేదేమో చూడండి. ఉగ్గు, చోడి జావ మాత్రమే తినే బిడ్డలో ఈ పరీక్షకు అర్థం లేదు.

10. తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

పొరపాటు: "వారం రోజులు మానేసి చూశాను, హాయిగా ఉంది, కాబట్టి సీలియాకే."
దిద్దుబాటు: గోధుమ మానితే హాయిగా ఉండటానికి ఐబీఎస్ (పేగు దెబ్బతినకుండానే నొప్పి, ఉబ్బరం తెచ్చే సమస్య) కూడా కారణం కావచ్చు. గోధుమలోని ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలు కొందరిలో గ్యాస్ పుట్టిస్తాయి. మళ్ళీ తినడం మొదలుపెట్టి పరీక్ష చేయించండి.

పొరపాటు: పరీక్ష ముందు రోజు రెండు పరోటాలు తిని లెక్క సరిచేయాలనుకోవడం.
దిద్దుబాటు: యాంటీబాడీలు ఒక్క పూటలో పుట్టవు. తేదీని వాయిదా వేసి వారాల తరబడి తినండి.

పొరపాటు: ఇంట్లో అందరూ కలిసి మానేయడం.
దిద్దుబాటు: తోబుట్టువులు, పిల్లలు కూడా పరీక్ష చేయించుకోవలసినవారే. వారి రక్తం తీసే దాకా వారి పళ్ళెంలో చపాతీ ఉండనివ్వండి.

పొరపాటు: పాలు తాగితే ఉబ్బరం వస్తోంది కాబట్టి సమస్య పాలదే అని తేల్చేయడం.
దిద్దుబాటు: సీలియాక్‌లో పేగు పొర అరిగినప్పుడు పాలలోని లాక్టోజును అరిగించే ఎంజైము కూడా తగ్గుతుంది. పాలు సరిపడకపోవడం వెనుక మరో కారణం దాగి ఉండవచ్చు.

పొరపాటు: ఐరన్ ఇంజెక్షన్లతో హిమోగ్లోబిన్ పెరిగింది కదా అని పరీక్షను మానుకోవడం.
దిద్దుబాటు: నెలసరి, ఆహారం కారణాలుగా తేలనప్పుడు ఐరన్ ఎక్కడికి పోతోందో, ఎందుకు ఒంటబట్టడం లేదో తెలుసుకునే దాకా వెతకడం ఆపకండి.

11. నిర్ధారణ అయిన రోజున అడగవలసినవి

ఇక్కడితో గోధుమ, బార్లీ, రై జీవితాంతం ఆపాలి. ఆ రోజు డాక్టరు గది నుంచి బయటకు వచ్చే ముందు వీటిని అడగండి.

- హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్, ఫోలిక్ యాసిడ్, బీ12, విటమిన్ డీ, క్యాల్షియం, థైరాయిడ్, కాలేయ పరీక్షలు చేయించాలా
- ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ ఎప్పుడు
- టీటీజీ మళ్ళీ ఎప్పుడు. సాధారణంగా 6 నెలలకు, ఏడాదికి, ఆ తరువాత ఏటా చూస్తారు
- ఇంట్లో ఎవరెవరికి పరీక్ష చేయించాలి
- ఈ ఆహారం తెలిసిన డైటీషియన్ ఎవరు

బజారు సరుకుల్లో, ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశ ఆహార భద్రతా సంస్థ) నిబంధన ప్రకారం, కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ లేనివాటినే గ్లూటెన్ రహితం అని ముద్రించాలి. చోడిపిండి, జొన్నపిండిని గోధుమ ఆడించిన మిల్లులోనే ఆడిస్తే అందులో గోధుమ కలుస్తుంది. ఇంట్లో మిక్సీలో ఆడుకోవడమో, మిల్లువారిని అడిగి కడిగిన రోజున మొదటి వాయిగా ఆడించుకోవడమో చేయండి. ఇంగువ డబ్బా వెనుక ఉన్న పదార్థాల జాబితాను ఆ సాయంత్రమే తిప్పి చదవండి.